ఒకే సర్వరు – రెండు తరాల సాఫ్ట్‌వేరు

నిజామాబాదు జిల్లా ఆర్మూరు ప్రాంతం పసుపు పంటకు పేరెన్నికగన్నది. పసుపు కొమ్ముకు ఒక ధర, మండకు ఒక ధర. కనుక రైతులు వాటిని వేరు చేసి అమ్ముతారు. రెండూ కలిస్తే నష్టం. సర్వరులోను ఇట్టి జాగ్రత్త అవసరమే.

ఒక వ్యాపారి పాత ఖాతాలు పాత డేటాబేసులోను, నేటి తూకపు లెక్కలు కొత్త వెర్షనులోను ఉన్నవనుకొందాం. పాతదానిని తొలగిస్తే రైతులకు చెల్లించవలసిన బాకీల లెక్క తెరుచుకోదు. రెండును ఒకే యంత్రంపై నడవాలి. అది సాధ్యమా? ఆపరేటింగ్ సిస్టమును బట్టి ఉంటుంది.

డెబియన్ లినక్స్ పద్ధతి ముచ్చటైనది. పోస్ట్‌గ్రెస్ డేటాబేసు ప్రతి వెర్షనుకు వేరు డైరెక్టరీని, వేరు పోర్టు సంఖ్యను అది కేటాయిస్తుంది. రెడ్ హ్యాట్ లినక్స్ 7లో ‘సాఫ్ట్‌వేర్ కలెక్షన్స్’ ఇట్టి వసతినే కల్పించాయి. 2019లో వచ్చిన 8వ వెర్షనులోని ‘మాడ్యూళ్లు’ మాత్రం పలు వెర్షన్లను చూపి, ఒకేసారి ఒకదానినే స్థాపించనిచ్చాయి. ఎంపిక వేరు, సహజీవనం వేరు కదా!

ఫ్రీబీఎస్‌డీ 2000లోనే ‘జైలు’ పేరుతో సర్వరులో గదులు కట్టింది. 2013లో వచ్చిన డాకర్ లినక్స్‌లో ఇట్టి గదులను సులభసాధ్యం చేసింది. విండోస్ సర్వరు 2016లో ఆ బాట పట్టింది. అయితే గదులెన్ని ఉన్నా సాధారణంగా పునాది, అనగా కెర్నెల్, ఒక్కటే. అది కూలితే అన్నియు ఆగుతాయి.

చిన్న దుకాణానికి డెబియన్ చాలును. కాని గదిలో పెట్టినంత మాత్రాన పాత వెర్షను లోపాలు మాయవు. దానిని ఇంటర్నెట్టుకు దూరంగా, లెక్కలు కొత్తదానికి మారేవరకే ఉంచాలి.