గాజుతో కరెంటు స్తంభమా?

2018 అక్టోబరు 11, తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటిన రోజు. మాది ఉద్దానంలో ఓ చిన్న ఊరు. తెల్లారి గాలి తగ్గాక బయటికొచ్చి చూస్తే కొబ్బరి చెట్లు, జీడి చెట్లు అన్నీ నేల మీదే. వాటి కింద తీగలు, తీగలతో పాటే వరసగా పడుకున్న కరెంటు స్తంభాలు. మళ్ళీ బల్బు వెలగడానికి చాలా రోజులు పట్టింది. అన్ని రోజులెందుకని లైన్‌మేన్‌గా చేసే మా చిన్నాన్నని అడిగితే, "తీగ దొరుకుద్ది, స్తంభమూ దొరుకుద్ది. రోడ్డంతా చెట్లు పడుంటే ఆ స్తంభాన్ని పొలంలోకి ఎలా తెత్తావురా?" అన్నాడు.

కాంపోజిట్స్ పాఠంలో ఫైబర్‌గ్లాస్ స్తంభాల గురించి విన్నప్పుడు నాకు మళ్ళీ గుర్తొచ్చింది ఆ ప్రశ్నే.

మన ఊళ్ళలో ఎక్కువగా కనిపించేది ప్రీస్ట్రెస్డ్ కాంక్రీటు స్తంభం. తొమ్మిది మీటర్లది ఒక్కటి కొన్ని వందల కిలోలుంటుంది. క్రేన్ వెళ్ళే చోటైతే సరే, లేకపోతే పది మంది, తాళ్ళు, బోలెడు అరుపులు. అదే ఎత్తు ఫైబర్‌గ్లాస్ స్తంభం అందులో మూడో వంతు కూడా ఉండదు, కొద్దిమంది భుజాన వేసుకుని పోవచ్చు. ఇక్కడ ఒక తమాషా ఉంది. ఘనపు సెంటీమీటరు లెక్కన చూస్తే కాంక్రీటు సుమారు 2.4 గ్రాములు, ఫైబర్‌గ్లాస్ సుమారు 2 గ్రాములు. అంటే పదార్థం బరువులో పెద్ద తేడా లేదు! తేడా అంతా గోడ మందంలో ఉంది. కాంక్రీటు నొక్కితే ఓర్చుకుంటుంది గానీ లాగితే దాని బలం పదో వంతుకి పడిపోతుంది. అందుకే లోపల తీగలు బిగించి, ఒళ్ళు లావుగా పోస్తారు. గాజు పోగు లాగుడుకే పుట్టింది కాబట్టి పల్చటి బోలు గొట్టం సరిపోతుంది.

గాజు పెళుసు కదా అని మీకు అనుమానం రావాలి. నాకూ వచ్చింది. 1921లో ఎ.ఎ. గ్రిఫిత్ అనే ఇంజినీరు చూపించిందేంటంటే, గాజు పగిలేది దాని మీదుండే కంటికి కనపడని గీతల వల్ల. పోగు సన్నబడేకొద్దీ అంత పెద్ద గీతకి చోటే ఉండదు, బలం పెరుగుతుంది. ఆ సన్నటి పోగుల్ని రెసిన్‌లో ముంచి, తిరుగుతున్న అచ్చు మీద చుడతారు. (గాజు దారం అనగానే మాంజా గుర్తొస్తే తప్పు నాది కాదు.) నిలువుగా పడిన పోగులు వంపుని ఆపుతాయి, అడ్డంగా చుట్టినవి గొట్టం నలగకుండా కాస్తాయి.

ఇప్పుడు తుపాను సంగతి. గాలి తోపు వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. 90 కిలోమీటర్ల గాలి 180 అయితే తోపు నాలుగు రెట్లు. 2014లో విశాఖని కొట్టిన హుద్‌హుద్ గాలులు సుమారు ఆ స్థాయివే. పైగా, రెండు వైపుల తీగలూ సమానంగా లాగుతున్నంతసేపే స్తంభం నిలకడగా ఉంటుంది. ఒకటి విరిగిందంటే పక్కదాని మీద లాగుడు ఒకవైపే పడుతుంది, అదీ పోతుంది, ఆ తర్వాత దాని పక్కది. ఫైబర్‌గ్లాస్ బాగా వంగి, మళ్ళీ లేస్తుంది. ఆ వంపులో కొంత లాగుడు సడలిపోతుంది కాబట్టి ఈ వరస కూలుడు ఆగే అవకాశం ఎక్కువ. వంగేది విరగదని మాత్రం నేననను. తిత్లీకి మా ఊరి కొబ్బరి చెట్లే పడ్డాయి మరి.

తుపాను లేని రోజుల్లోనూ సముద్రపు ఉప్పుగాలి తన పని తాను చేస్తూనే ఉంటుంది. ఇనుప స్తంభం తుప్పు పడితే పైకి కనిపిస్తుంది. కాంక్రీటులో అయితే ఉప్పు మెల్లగా లోపలి తీగల దాకా పోతుంది. తుప్పు ఇనుము కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి పైపొర పగిలి పెచ్చులూడుతుంది. కర్ర స్తంభమైతే నేల మట్టం దగ్గర తేమకి కుళ్ళుతుంది, చెదలు సరేసరి. గాజుకీ రెసిన్‌కీ ఈ జబ్బులేవీ లేవు. పైగా ఇది విద్యుత్తుని పోనివ్వదు. వానాకాలంలో స్తంభానికి రాసుకున్న గేదె షాక్ కొట్టి చచ్చిపోయిందనే వార్త మనకి కొత్త కాదు. స్తంభమే ఇన్సులేటర్ అయితే ఆ ముప్పు చాలా తగ్గుతుంది. అలాగని స్టే వైరూ, ఎర్త్ వైరూ అలాగే ఉంటాయి, దుమ్ము పట్టి తడిసిన పైభాగం కూడా కొంత కరెంటుని పోనిస్తుంది. అంచేత ఎవరూ చెయ్యి వేసి పరీక్షించకండి.

మరి ఇంత మంచిదైతే వీధికొకటి ఎందుకు లేదు? డబ్బు. మొదట పెట్టే ఖర్చు కాంక్రీటుకి కొన్ని రెట్లు. కాంక్రీటు స్తంభాన్ని మన దగ్గరే యార్డులో పోసుకోవచ్చు, చవక. ఎండ సంగతీ ఉంది. అతినీలలోహిత కిరణాలు రెసిన్‌ని తినేస్తే పైన పోగులు తేలి చేతికి గుచ్చుకుంటాయి, కాబట్టి పైపూత తప్పనిసరి. రెసిన్ కాలుతుంది కూడా. అడవి మంటలు ఎక్కువగా ఉండే కాలిఫోర్నియాలో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ సంస్థ మంటని తట్టుకునే రకం కాంపోజిట్ స్తంభాలు వాడుతోంది. ఇక ఆయుష్షు తీరాక కరిగించి మళ్ళీ పోద్దామంటే కుదరదు, ఒకసారి గట్టిపడిన థర్మోసెట్ రెసిన్ తిరిగి కరగదు. నాకు నచ్చనిది ఇదొక్కటే.

అందుకే అన్నీ మార్చెయ్యాలని నేననను. సముద్రానికి దగ్గరున్న లైన్లు, క్రేన్ వెళ్ళలేని పాడేరు కొండ ఊళ్ళు, ఆసుపత్రికీ మంచినీళ్ళ పంపుకీ వెళ్ళే ఫీడర్లు, అక్కడ మాత్రం ధర ఒక్కటే చూడకూడదు. స్తంభం ధర పక్కన క్రేన్ అద్దె, మళ్ళీ మళ్ళీ మార్చే ఖర్చు, ఊరు చీకట్లో ఉన్న రోజులు కూడా రాసి కూడాలి.

మొన్న సెలవుల్లో ఇదంతా చిన్నాన్నకి చెప్పాను. ధర సంగతి ఆయన అడగనే లేదు. "అంత నున్నగా ఉంటే పైకెక్కేదెలా?" అన్నాడు. మెట్లలా బోల్టులు బిగించడానికి ముందే రంధ్రాలు పెట్టించుకోవచ్చని చెప్పాను. "అయితే కింద నాలుగడుగులు వదిలేసి పెట్టమను, లేకపోతే పిల్లలెక్కేత్తారు" అన్నాడు.