వత్తు జారిన మా ఊరు

తాండూరు కందిపప్పుకు 2022 డిసెంబరులో జీఐ గుర్తింపు వచ్చింది కదా. అప్పట్నుంచీ బంట్వారంలో మా చిన్నాయనకూ ఓ ఆశ. మన చేలో కందులు మనమే పప్పు పట్టించి, కిలో ప్యాకెట్లు అమ్ముదామని. జీఐ పేరు వాడుకోవాలంటే ముందు నమోదు కావాలి. అందాకా సొంత ఊరి పేరే పెడదామన్నాడు. హైదరాబాద్‌లో ఓ డిజైన్ ఏజెన్సీకి ఆ పని అప్పజెప్పింది నేనే.

కవర్లు వచ్చాయి. రంగులు బ్రహ్మాండం. చిన్నాయన కళ్లద్దాలు సర్దుకుని చదివి, "గిది మనూరి పేరేనారా?" అన్నాడు. చూస్తే 'ట' కింద ఉండాల్సిన వత్తు పక్కకు జారి, 'బంట్‌వారం' అయి కూర్చుంది. వెయ్యి కవర్లు!

యూనికోడ్‌లో ట, పొల్లు, వ విడివిడిగా ఉంటాయి. వాటిని కలిపి వత్తుగా చూపించే పని సాఫ్ట్‌వేర్‌ది. ఫొటోషాప్ పాత వెర్షన్లలో భారతీయ భాషలకు వేరే సెట్టింగ్ ఉంటుంది. అది మార్చకపోతే అక్షరాలు ఇలాగే విడిపోతాయి. రెండు క్లిక్కుల పని. చేసినవాళ్లకు తెలుగు చదవడం రాదు, సరే. వచ్చిన నేనేం చేశాను? మీటింగ్ మధ్యలో ఫోన్‌లో చూసి 'ఓకే' కొట్టాను. రోజూ ఇతరుల కోడ్‌లో తప్పులు పట్టేవాణ్ని!

రెండోసారి నేనే కూర్చున్నా. గూగుల్‌లో ఉచితంగా దొరికే రామభద్ర ఫాంట్ తీసుకున్నా. లావుగా, దూరానికి కూడా కనిపిస్తుంది. ప్రింటుకు పంపేముందు కాగితం మీద తీసి చిన్నాయన చేతికిచ్చా. వత్తు మీద వేలు పెట్టి చూసుకున్నాడు. కవరు వెనక్కి తిప్పాడు.

"ప్యాకింగ్ తారీఖు ఏదిరా?"