ప్రారంభ తరగతుల్లో విషయరచన బోధన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– చూచిరాతకు, విషయరచనకు గల భేదాన్ని వివరించగలుగుతారు.
– 1, 2, 3 తరగతుల పిల్లలచేత విషయరచన చేయించే సోపానాలను పాటించగలుగుతారు.
– పిల్లల రాతలోని తప్పులను విచక్షణతో సరిదిద్దగలుగుతారు.

1. పరిచయం

‘ఆవు సాధు జంతువు’ అనే వ్యాసం రాయకుండా ప్రాథమిక పాఠశాల దాటినవారు మనలో అరుదు. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద రాస్తాడు. పిల్లలు నోటుపుస్తకంలోకి దించుకుంటారు. అదే తరగతిలో, ఇంటి దగ్గర పాలు పితికే వేళ దూడను పట్టుకొని నిలబడే పిల్లవాడు ఉంటాడు. దూడ కుడిస్తేగాని గేదె చేపదని అతనికి తెలుసు. కానీ ఆ సంగతి అతని పుస్తకంలోకి రాదు. తనకు తెలిసినదానికి రాతలో చోటు లేదని అతను ఆరేళ్ళకే గ్రహిస్తాడు. పై తరగతుల్లో గైడు పుస్తకాల మీద ఆధారపడే అలవాటుకు బీజం ఇక్కడే పడుతుంది.

కథ, గేయం కాకుండా, చూసిన, చేసిన, తెలుసుకున్న సంగతులను ఎదుటివారికి తెలిసేటట్లు రాయడాన్ని విషయరచన అంటాం. వర్ణన, చేసే విధానం, పరిశీలనల నమోదు, ఉత్తరం దీనిలోని రూపాలు. చూచిరాత చేతికి అక్షరాలు అలవాటు చేస్తుంది. ఉక్తలేఖనం చెవినీ చేతినీ కలుపుతుంది. రెండూ అవసరమే. అయితే ఏం రాయాలో పిల్లలు స్వయంగా ఆలోచించేది విషయరచనలోనే. 3వ తరగతి ముగిసేలోగా ప్రతి బిడ్డా అర్థవంతంగా చదవడం, రాయడం నేర్వాలన్నది 2021లో ప్రారంభమైన నిపుణ్ భారత్ లక్ష్యం. చూచిరాత ఒక్కటే ఆ లక్ష్యాన్ని చేర్చలేదు.

2. బోధనా సోపానాలు

పెసలు మొలకెత్తించే కృత్యాన్ని ఉదాహరణగా తీసుకుందాం.

(అ) అనుభవం: పిల్లలే గుప్పెడు పెసలు రాత్రంతా నానబెట్టి, తడిగుడ్డలో మూటకట్టి, రోజూ విప్పి చూస్తారు.

(ఆ) సంభాషణ: ‘నిన్నటికీ ఇవాళటికీ ఏం మారింది?’ అని అడగాలి. నోటితో చెప్పలేనిది పిల్లలు రాయలేరు. కాబట్టి ఈ మెట్టుకు ఎక్కువ సమయం ఇవ్వాలి.

(ఇ) బొమ్మ, పేర్లు: చూసినదాన్ని గీసి, గింజ, పొట్టు, మొలక అని పక్కన రాయిస్తారు. 1వ తరగతికి ఇంతవరకు చాలు.

(ఈ) వాక్యాలు: 2వ తరగతివారు రెండు మూడు వాక్యాలు రాస్తారు. 3వ తరగతివారు ‘మొదట’, ‘తరువాత’, ‘చివరికి’ వంటి మాటలతో వాటిని వరుసలో పెడతారు.

(ఉ) చదివి వినిపించడం: రాసినదాన్ని తోటి పిల్లలకు చదువుతారు. వినేవారు వేసే ప్రశ్నలే లోపించిన వివరాలను బయటపెడతాయి.

3. తప్పులను సరిదిద్దడం

ఒక పిల్ల ఇలా రాసిందనుకుందాం: ‘పెసలు నానబెటినం. పొదున లావు అయినయి. తెల తోక వచింది.’

ఎర్రసిరాతో చూస్తే ఇందులో అన్నీ తప్పులే. శ్రద్ధగా చూస్తే ఉన్నది ఒకే రకం తప్పు: ట్ట, ద్ద, ల్ల, చ్చ అనే నాలుగు చోట్లా ద్విత్వాక్షరం ఒత్తు జారిపోయింది. కాబట్టి ఆ పిల్ల మాటలతోనే మరునాడు ద్విత్వాక్షరాల పాఠం చెప్పవచ్చు. ‘నానబెట్టినం’, ‘అయినయి’ తప్పులు కావు. అవి ఆ పిల్ల ఇంటి భాష. జనం మాట్లాడే భాషకు రాతలో చోటు కావాలని గిడుగు రామమూర్తి (1863–1940) వాదించినది ఇందుకే. పాఠ్యపుస్తక రూపాలు చదువుతూ ఉంటే క్రమంగా వస్తాయి. ‘తెల్ల తోక’ అన్నది చక్కని పరిశీలన. ముందుగా మెచ్చుకోవలసింది దానినే.

4. మూల్యాంకనం

మూడు ప్రశ్నలు వేసుకోండి. చదివినవారికి సంగతి తెలిసిందా? వరుస కుదిరిందా? పిల్లలు స్వయంగా గమనించిన ఒక్క వివరమైనా ఉందా? దస్తూరి, వర్ణక్రమాలను ఆ తరువాతే చూడాలి. తరగతిలోని ముప్పై పుస్తకాల్లోనూ ఒకే వాక్యాలు కనిపిస్తే, అక్కడ రాసింది ఉపాధ్యాయుడు ఒక్కడే.

5. సారాంశం

అనుభవం, మాట, బొమ్మ, వాక్యం, వినిపించడం అనే వరుసలో విషయరచన నేర్పాలి. తప్పుల్లోని క్రమాన్ని గుర్తించి, ఒకసారికి ఒకదానినే సరిదిద్దాలి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. చూచిరాతకు, విషయరచనకు భేదమేమి?
2. మీ ప్రాంతంలోని పిల్లలకు తెలిసిన ఒక పనిని ఎంచుకొని, 2వ తరగతికి విషయరచన కృత్యాన్ని రూపొందించండి.