ఊపిరితో ఊగే గడ్డకు గురి ఎలా?

ఛాతీ ఎక్స్‌రే తీయించుకున్న వారెవరికైనా ఆ మాట గుర్తుండే ఉంటుంది. పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టి, పక్క గదిలోంచి ఆపరేటరు "గాలి బాగా పీల్చు... బిగబట్టు" అంటాడు. టక్కున చప్పుడవుతుంది. "ఇక వదులు" అంటాడు. పని అయిపోతుంది. ఆ క్షణంలో ఊపిరి ఆడితే ఫొటో చెదిరిపోతుంది.

ఎక్స్‌రేకి క్షణం చాలు. మరి కాన్సరుకు 'కరెంటు' పెట్టేటప్పుడు?

రేడియేషన్ చికిత్సను మన పల్లెల్లో కరెంటు పెట్టడం అనే అంటారు. నిజానికి అందులో రోగికి కరెంటు తగలదు, షాకు కొట్టదు. ఎక్స్‌రే జాతికే చెందిన, దానికంటే ఎంతో బలమైన కిరణాలతో గడ్డలోని కణాలను చంపుతారు. అయినా పేరు స్థిరపడిపోయింది గనుక మనమూ అలాగే అనుకుందాం. బల్ల మీద పడుకున్న మనిషికి కిరణం నిమిషాల తరబడి పెట్టాలి. సాధారణంగా వారానికి ఐదు రోజుల చొప్పున, చాలామందికి కొన్ని వారాల పాటు పెడతారు. అంతసేపూ ఊపిరి బిగబట్టడం ఎవరి తరమూ కాదు. ఊపిరి ఆడుతుంటే ఊపిరితిత్తిలోని గడ్డ కూడా ఆడుతుంది. చిక్కంతా అక్కడే ఉంది.

గడ్డ ఎంత కదులుతుంది?

ఛాతీకీ పొట్టకీ మధ్య గొడుగులాంటి కండరపు పొర ఒకటి ఉంటుంది. గాలి పీల్చినప్పుడు అది కిందికి దిగుతుంది, వదిలినప్పుడు పైకి లేస్తుంది. మామూలుగా పడుకున్న మనిషిలో నిమిషానికి సుమారు 15 సార్లు ఇది జరుగుతుంది. ఆ పొరతోపాటు ఊపిరితిత్తుల అడుగుభాగం, కాలేయం కూడా దిగి లేస్తాయి.

జపాన్‌లోని హొక్కైడో విశ్వవిద్యాలయ వైద్యులు 1990ల చివరలో దీన్ని కళ్లారా చూశారు. గడ్డలోనో, దాని పక్కనో 2 మిల్లీమీటర్ల బంగారు పూసను ఉంచి, సెకనుకు 30 సార్లు ఎక్స్‌రేతో దాని జాడ పట్టారు. (బంగారమే ఎందుకంటారా? ఒంట్లో తుప్పు పట్టదు, ఎక్స్‌రేలో స్పష్టంగా కనబడుతుంది.) ఆ కొలతలు 2002లో ప్రచురితమయ్యాయి. ఊపిరితిత్తి కిందిభాగంలో ఎముకకు అంటుకోకుండా ఉన్న గడ్డలు ఒక్కో ఊపిరికి సగటున 12 మిల్లీమీటర్లు పైకీ కిందికీ కదిలాయి. పక్కలకు కదిలింది 2 మిల్లీమీటర్లే. ఇంకో వింత ఏమంటే, కొలిచిన మొత్తం గడ్డల్లో దాదాపు సగం కిందికి దిగిన దారినే తిరిగి పైకి రాలేదు, వేరే దారిన వచ్చాయి!

12 మిల్లీమీటర్లంటే మన చిటికెన వేలి గోరు వెడల్పు పైచిలుకు. ఇంతేనా అనిపించవచ్చు. కాని గాలికి ఊగే కొమ్మ మీది మామిడికాయకు రాయి గురిపెట్టిన వారికి ఆ కాస్త తేడా ఏమిటో తెలుసు.

గురి తప్పకూడదంటే పూర్వం ఒకే మార్గం ఉండేది. గడ్డ చుట్టూ బాగా జాగా విడిచి కిరణం పెట్టేవారు. అయితే ఆ జాగా ఖాళీ స్థలం కాదు, మంచి ఊపిరితిత్తి. 3 సెంటీమీటర్ల గడ్డ ఉసిరికాయంత ఉంటుంది. దాని చుట్టూ సెంటీమీటరు జాగా విడిస్తే 5 సెంటీమీటర్ల ఉండ అవుతుంది. అడ్డుకొలతలో రెట్టింపైనా కాలేదు గాని, మొత్తం పరిమాణం లెక్కవేస్తే నాలుగున్నర రెట్లు దాటింది! అదనంగా చేరిన ఆ భాగమంతా అనవసరంగా కాలిపోయేదే. తర్వాత దగ్గు, ఆయాసం పట్టుకునే అవకాశం అంతకంతకూ పెరుగుతుంది. పోనీ జాగా తగ్గిద్దామంటే గడ్డ అంచున కణాలు మిగిలిపోయి జబ్బు తిరగబెట్టవచ్చు.

పది ఫొటోల సినిమా

కరెంటు పెట్టేముందు సి.టి. స్కాన్ తీస్తారు. ఈ మిషను శరీరాన్ని దోసకాయ చక్రాలు తరిగినట్లు ముక్కముక్కగా ఫొటో తీసి, వాటిని పేర్చి చూపుతుంది. మొదటి ముక్క తీసేసరికి గడ్డ పైన ఉండి, తర్వాతి ముక్కకు కిందికి దిగితే? గుండ్రటి గడ్డ కాస్తా ఫొటోలో నరికినట్లో, రెండు తునకలైనట్లో కనబడుతుంది. ఆ బొమ్మను నమ్ముకుని గురిపెడితే ఏమవుతుందో ఊహించుకోవచ్చు.

దీనికి 2003 ప్రాంతంలో విరుగుడు వచ్చింది. పేరు ఫోర్-డి సి.టి. నిడివి, వెడల్పు, లోతులకు కాలాన్ని నాలుగోదిగా కలిపారన్నమాట. రోగి పొట్ట మీద చిన్న ప్లాస్టిక్ పెట్టె పెడతారు. పొట్ట లేచి దిగుతుంటే కెమెరా ఆ పెట్టెను కనిపెట్టి ఊపిరి గీతను రాస్తుంది. కొన్నిచోట్ల పెట్టె బదులు నడుముకు పట్టీ కడతారు. అదే సమయంలో మిషను ఒక్కోచోట ఒక ఊపిరి పూర్తయ్యేదాకా ఫొటోలు తీస్తూనే ఉంటుంది. వేలకొద్దీ వచ్చిన ఆ ఫొటోలను కంప్యూటరు ఊపిరి గీతతో సరిచూసి, సాధారణంగా పది కుప్పలు వేస్తుంది. నిండుగా పీల్చినప్పటివి ఒక కుప్ప, సగం వదిలినప్పటివి ఇంకో కుప్ప, ఇలా. పదింటినీ వరుసగా తిప్పితే సినిమాయే. గడ్డ ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నదీ డాక్టరు తెర మీద చూస్తారు.

కదలిక కొద్దిగా ఉంటే గడ్డ తిరిగే మేరను మాత్రమే కొలిచి, అంతమేరా కిరణం పెడతారు. కదలిక 5 మిల్లీమీటర్లు దాటితే ఏదో ఒక ఉపాయం చేయడం మంచిదని అమెరికా వైద్య భౌతికశాస్త్రజ్ఞుల సంఘం 2006లో చెప్పింది. ఆ ఉపాయాలు కొన్ని ఉన్నాయి. పొట్టను పలకతో అదిమి, ఊపిరి పైపైనే ఆడేలా చూడటం ఒకటి. గడ్డ గురిలోకి వచ్చినప్పుడే కిరణం వెలిగి, తప్పుకోగానే ఆగిపోయేలా చేయడం మరొకటి. ఈ రెండో పద్ధతిని జపాన్‌లోని త్సుకుబాలో 1989 నాటికే చేసి చూపారు. గడ్డ వెంటే కిరణం కూడా కదిలే మిషన్లు తర్వాత వచ్చాయి.

ఎడమ రొమ్ము అయితే...

మన ఆడవారికి దీనితో ఎక్కువగా పనిపడేది ఇక్కడే. ఎడమ రొమ్ము వెనకనే గుండె ఉంటుంది. రొమ్ముకు కరెంటు పెడుతుంటే కొంత కిరణం గుండె అంచుకూ తగలవచ్చు. స్వీడన్, డెన్మార్క్ దేశాల్లో 1958 నుంచి 2001 వరకు చికిత్స పొందిన 2,168 మంది స్త్రీల వివరాలను పరిశీలించిన నివేదిక 2013లో వెలువడింది. గుండెకు తగిలిన సగటు మోతాదు ఒక్కో 'గ్రే' (రేడియేషన్‌కు కొలమానం) పెరిగినకొద్దీ గుండెపోటు వంటి జబ్బుల ముప్పు 7.4 శాతం చొప్పున పెరిగిందని అందులో తేలింది. అంటే నూటికి ఏడుగురికి గుండెపోటు వస్తుందని కాదు. ఆ మనిషికి మామూలుగా ఉండే ముప్పుపై అంత పెరుగుదల అని అర్థం. ఈ అంకె చూసి బెదిరి చికిత్స మానుకుంటే అంతకుమించిన నష్టం మరొకటి లేదు. మందులు వాడి తగ్గించుకోగల ముప్పు గుండెది. చికిత్స చేయకుండా వదిలేసిన కాన్సరు అలాంటిది కాదు.

పైగా గుండెను తప్పించే ఉపాయం మన ఊపిరిలోనే ఉంది. నిండా గాలి పీలిస్తే ఊపిరితిత్తులు ఉబ్బి, గుండె కిందికీ వెనక్కీ జరుగుతుంది. రొమ్ముకూ గుండెకూ మధ్య గాలి నిండిన ఎడం ఏర్పడుతుంది. అలా బిగబట్టిన 20 సెకన్లలో కిరణం పెడతారు, వదలగానే ఆపుతారు. ఒక్కో పూటా ఇలా కొన్నిసార్లు చేస్తారు. మధ్యలో దగ్గు వచ్చినా, ఊపిరి జారినా భయం లేదు. కెమెరా కనిపెడుతూ ఉంటుంది, కిరణం ఆగిపోతుంది.

ఇది అందరికీ అవసరం లేదు, అందరికీ వీలుకాదు కూడా. ఉబ్బసం ఉన్నవారికి, బాగా పెద్దవారికి అంతసేపు బిగబట్టడం కష్టం. అలాంటివారికి వేరే విధంగా చేస్తారు.

మన ప్రాంతాల వారు హైదరాబాదులోని ఎం.ఎన్.జె.కో, బసవతారకానికో, విశాఖ దగ్గర అగనంపూడిలోని హోమీ భాభాకో, రాయవేలూరుకో వెళుతుంటారు. ఏ ఆసుపత్రికి వెళ్లినా, ఛాతీలోనో కాలేయంలోనో గడ్డ ఉంటే "ఊపిరి కదలిక చూసి స్కాన్ తీస్తారా?" అనీ, ఎడమ రొమ్ము అయితే "ఊపిరి బిగబట్టి పెడతారా?" అనీ అడగడానికి మొహమాటపడనక్కరలేదు. ఈ ఏర్పాటు అన్నిచోట్లా ఒకేలా ఉండదు. ఉన్నచోట ముందు ఒకటి రెండు రోజులు ఊపిరి సాధన చేయిస్తారు. ఇంటి దగ్గర మంచం మీద వెల్లకిలా పడుకుని, పక్కన ఎవరైనా గడియారం చూసి చెబుతుంటే సాధన చేసుకోవచ్చు. ఆయాసం వచ్చేదాకా మాత్రం లాగవద్దు. స్కాన్ రోజున ఒంటిమీద వేసిన గుర్తులను స్నానంలో రుద్ది చెరిపేయకూడదు. సిబ్బంది చెప్పేవరకు అవి అలాగే ఉండాలి.

ఇంకొక్క సంగతి. కిరణం పెట్టేటప్పుడు గదిలో రోగి ఒక్కరే ఉంటారు. బయటనుంచి మైకులో చెబుతారు. పక్క రాష్ట్రం వెళ్లినప్పుడు ఆ మాట తమిళంలోనో, ఇంగ్లీషులోనో వినబడవచ్చు. పీల్చమన్నారో, వదలమన్నారో తెలియక తడబడే పని లేకుండా, తెలుగులో చెప్పేవారు ఉన్నారా అని సాధన రోజునే అడగాలి. లేకపోతే ఆ మూడు మాటలూ వారి భాషలో ఏమిటో రాయించుకుని, రోగి చేత వల్లె వేయించాలి.