నలభయ్యవ నిమిషం ఎక్కడున్నది?

పండవానీ గాయకులు తంబూరా చేతబట్టి మహాభారతంలోని ఏదో ఒక ఘట్టాన్ని ఎంచుకొని నేరుగా అక్కడనుంచే కథ అందుకుంటారు. భిలాయి సమీపాన గనియారి గ్రామంలో జన్మించి, భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2019లో పద్మవిభూషణ్ అందుకున్న తీజన్ బాయి ఈ విద్యకు ప్రపంచఖ్యాతి తెచ్చారు. మన హరికథకులకూ ఈ నేర్పు కొత్త కాదు. కథ కంఠస్థమైనవారికి వెదుకులాటతో పనిలేదు.

యంత్రానికి కథ తెలియదు. గంట నిడివిగల గానాన్ని సెల్‌ఫోనులో పెట్టుకొని, దుశ్శాసన వధ కోసం తెర అడుగునున్న చుక్కను 40వ నిమిషానికి జరిపామనుకోండి. ప్లేయరు ఆ చోటును ఎలా కనుగొంటుంది?

ఫైలులో ఉండేవి నిమిషాలు కావు, బైట్లు. శబ్దాన్ని ఆద్యంతమూ ఒకే రేటున నమోదు చేస్తే లెక్క సులువు. సెకనుకు 128 కిలోబిట్లంటే 16,000 బైట్లు. 40 నిమిషాలకు 3 కోట్ల 84 లక్షలు. అక్కడికి దూకితే చాలు. కాని నిశ్శబ్దానికి తక్కువ, భీముని గర్జనకు ఎక్కువ చోటు కేటాయించే ఫైళ్లలో ఈ లెక్క తప్పుతుంది. ఏ క్షణం ఎక్కడున్నదో తెలిపే సూచిక అవసరమవుతుంది.

దృశ్యం సంగతి మరింత విచిత్రం. చోటు ఆదా చేయడానికి ప్రతి బొమ్మనూ పూర్తిగా భద్రపరచరు. అప్పుడప్పుడు ఒక పూర్తి బొమ్మ. నడుమనున్న వాటికి మార్పులు మాత్రమే. అందువల్ల ప్లేయరు 40వ నిమిషానికి ముందున్న పూర్తి బొమ్మ వద్దకు పోయి, అక్కడనుంచి మార్పులను ఒక్కొక్కటిగా కూర్చుకుంటూ, ఆ శ్రమ మనకు కనబడనీయకుండా కోరిన క్షణానికి చేరుతుంది. ఆ శ్రమ పడక, పూర్తి బొమ్మ వద్దనే ఆట మొదలుపెట్టే ప్లేయర్లూ ఉన్నవి. మనం ఒకచోట చుక్కను వదిలితే కథ కొన్ని సెకన్ల ముందునుంచి మొదలుకావడానికి కారణమదే.

ఈ సూచిక విలువ అది లేనప్పుడు తెలుస్తుంది. ఎంపీ4 ఫైళ్లలో సాధారణంగా దానిని రికార్డింగు ముగిశాకనే వ్రాస్తారు. నడుమ విద్యుత్తు పోతే, గానమంతా ఫైలులో ఉండికూడ అది తెరుచుకోకపోవచ్చు. బాగుచేసే సాధనాలున్నా అవి ప్రతిసారీ ఫలించవు. కనుక వృద్ధ గాయకుల కంఠాన్ని భద్రపరచబూనినవారు ఘట్టానికొక ఫైలు చొప్పున ముగించుకోవడం మేలు. యంత్రం మరల దొరుకుతుంది. ఆ గొంతు మరల దొరకకపోవచ్చు.