గోలీ సోడా బుడగ నుంచి పైప్‌లైన్ తుప్పు దాకా



టెన్త్ చదివే మీ అబ్బాయినో అమ్మాయినో ఒక ప్రశ్న అడిగి చూడండి: "ఇనుము తుప్పు పట్టాలంటే ఏమేం కావాలి?" టక్కున జవాబు వస్తుంది, "నీరు, ఆక్సిజన్" అని. సరైన జవాబే, మార్కులూ పడతాయి. ఇప్పుడు రెండో ప్రశ్న వేయండి: "భూమిలోంచి వచ్చే ముడి చమురులో ఆక్సిజన్ దాదాపు ఉండదు కదా, మరి ఆ చమురు మోసే ఉక్కు పైపు లోపలి నుంచి ఎందుకు తినేసినట్టు అవుతుంది?" ఈ నెల సైన్స్ పేజీలో దీని జవాబే తెలుసుకుందాం.

చమురులో గ్యాస్ ఎక్కడి నుంచి వస్తుంది?

గోలీ సోడా కొట్టగానే బుస్సుమని పొంగుతుంది. మూత ఉన్నంతసేపు ఒత్తిడి వల్ల కార్బన్ డయాక్సైడ్ నీటిలో కరిగి ఉంటుంది. ఒత్తిడి తగ్గగానే బుడగలై బయటికి వస్తుంది. ఇంటర్ కెమిస్ట్రీలో పిల్లలు చదివే హెన్రీ నియమం ఇదే.

చమురు బావిలో జరిగేదీ ఇదే. భూమి లోపల కొన్ని కిలోమీటర్ల లోతులో ఒత్తిడి మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడికి వందల రెట్లు ఉండవచ్చు. అక్కడ మీథేన్‌తో పాటు కార్బన్ డయాక్సైడ్, కొన్ని చోట్ల హైడ్రోజన్ సల్ఫైడ్ కూడా చమురులో కరిగి ఉంటాయి. చమురు పైకి వస్తుంటే ఈ గ్యాస్‌లు విడిపోతాయి. వాటితో పాటు ఉప్పునీరు కూడా వస్తుంది. అసలు చిక్కు ఆ నీటితోనే.

తుప్పు ఎలా మొదలవుతుంది?

పొడిగా ఉన్న కార్బన్ డయాక్సైడ్ ఉక్కును ఏమీ చేయదు. చమురు కూడా ఏమీ చేయదు, పైగా నూనె పూతలా కాపాడుతుంది. కానీ నీరు చేరితే కార్బన్ డయాక్సైడ్ అందులో కరిగి కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. ఆమ్లం ఇనుముతో కలిస్తే ఇనుము కరిగి హైడ్రోజన్ విడుదల అవుతుందని పిల్లలు ల్యాబ్‌లో చూసే ఉంటారు. పైపులోనూ అదే చర్య, ఆక్సిజన్ లేకుండానే జరిగిపోతుంది.

నీరు చమురు కన్నా బరువు. అందుకే ప్రవాహం నెమ్మదిగా ఉన్నచోట, పైపు కిందికి వంగినచోట నీరు అడుగున నిలిచిపోతుంది. పైభాగం కొత్తదానిలా ఉంటుంది, అడుగుభాగం మాత్రం గుంటలు పడి పలచబడుతుంది. బయట నిలబడి చూస్తే ఏమీ తెలియదు.

హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా ప్రమాదకరం. దాని వల్ల పుట్టిన హైడ్రోజన్ పరమాణువులు ఉక్కులోకే చొచ్చుకుపోయి పగుళ్లు తెస్తాయి. మనుషులకూ అది విషమే. కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది కానీ, మోతాదు పెరిగితే మన ముక్కే మొద్దుబారిపోతుంది. వాసన ఆగింది కదా అని ప్రమాదం తప్పిందనుకోకూడదు.

రెండు నిజమైన పాఠాలు

2006 మార్చిలో అమెరికాలోని అలాస్కాలో, ప్రూడో బే దగ్గర బీపీ సంస్థ పైప్‌లైన్ నుంచి సుమారు 8 లక్షల లీటర్ల ముడి చమురు మంచు నేల మీదికి కారిపోయింది. కారణం బాదం గింజంత రంధ్రం. ప్రవాహం నెమ్మదించి అడుగున మడ్డి పేరుకుంది, లోపలి నుంచి తుప్పు తినేసింది. ఆ లైన్‌లో లోపలి తనిఖీ పరికరాన్ని అంతకుముందు 1998లో నడిపారు, మళ్లీ నడపలేదు.

రెండోది మన గడ్డ మీదే జరిగింది. 2014 జూన్ 27 తెల్లవారుజామున, నేటి కోనసీమ జిల్లాలోని నగరం గ్రామంలో గెయిల్ సంస్థ గ్యాస్ పైప్‌లైన్ లీకై నిప్పంటుకుంది. 20 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. అది చమురు లైన్ కాదు, సహజవాయువు లైన్. కానీ కెమిస్ట్రీ ఒకటే. పొడి గ్యాస్ కోసం వేసిన పైపులో తేమ ఉన్న గ్యాస్ పంపడం వల్ల లోపల తుప్పు పట్టిందని విచారణలో తేలింది. "నీరు ఉందా, లేదా" అనే చిన్న ప్రశ్న వెనుక ఇన్ని ప్రాణాలున్నాయి.

ఇంజనీర్లు ఏం చేస్తారు?

ముందుగా సెపరేటర్ అనే పెద్ద ట్యాంకులో చమురు, గ్యాస్, నీరు వేరుచేస్తారు. గ్యాస్‌లోని తేమను గ్లైకాల్‌తో పీల్చేస్తారు. పైపు లోపలి గోడకు పూతలా అంటుకునే రసాయనాలు కలుపుతారు. 'పిగ్' అనే పరికరాన్ని పైపులోకి పంపి మడ్డి, నీరు తోసేస్తారు. స్మార్ట్ పిగ్ అయితే అయస్కాంత క్షేత్రంతో గోడ ఎక్కడ పలచబడిందో కూడా చెబుతుంది. ఇవన్నీ తెలిసిన పద్ధతులే. క్రమం తప్పకుండా చేయడమే ముఖ్యం.

ఇంట్లో చేసి చూడండి

గాల్వనైజ్ చేయని మూడు ఇనుప మేకులు తీసుకోండి. ఒకటి వంటనూనెలో వేయండి. రెండోది మరిగించి చల్లార్చిన నీటిలో, మూడోది ప్లెయిన్ సోడాలో వేసి, ఈ రెండింటి మీదా నూనె పొర పోయండి. నాలుగు రోజులు రోజూ గమనించి నోట్స్‌లో రాయమనండి. సోడాలో మేకు చుట్టూ వెంటనే కనిపించే బుడగలు ఆమ్ల చర్య వల్ల వచ్చేవి కావు, కరిగిన గ్యాస్ బయటికి వస్తోందంతే. ఆ తేడా మీ పిల్లలు సొంతంగా చెప్పగలిగితే పాఠం అర్థమైనట్టే. ప్రయోగం అయ్యాక ఆ ద్రవాలు పారబోయండి.

మీ ఊరి మీదుగా పైప్‌లైన్ వెళ్తుంటే

హెచ్చరిక బోర్డు మీద ఉన్న ఎమర్జెన్సీ నంబరు ఫోన్‌లో సేవ్ చేసుకోండి. ఆ దారిలో తవ్వకండి. పెద్ద లైన్లలోని గ్యాస్‌కు వాసన ఉండకపోవచ్చు. బుస్సుమనే శబ్దం, నేల మీద తెల్లని పొగలాంటి తెర, నీటిలో ఆగని బుడగలు కనిపిస్తే అగ్గిపుల్ల గీయకండి, స్విచ్ వేయకండి, బండి స్టార్ట్ చేయకండి. గాలికి ఎదురు దిశలో దూరంగా నడిచి వెళ్లి, అప్పుడు ఫోన్ చేయండి. ఈ జాగ్రత్తలు పిల్లలకు కూడా నేర్పండి.

ఈసారి మీ పిల్లలు "నీరు, ఆక్సిజన్" అని చెప్పగానే "ఆక్సిజన్ లేకపోతే?" అని మరో ప్రశ్న వేయండి. వాళ్లు తెచ్చే జవాబుల కోసం క్లాసులో ఎదురుచూస్తుంటాను.