ఒక్క అక్షరం తప్పితే కథ మళ్లీ మొదటికి!
జపాన్ పిల్లలు నోటు పుస్తకాల్లో దాచుకున్న వీడియో ఆట

2021 జులై 23 సాయంత్రం టోక్యో ఒలింపిక్స్ ప్రారంభోత్సవాన్ని టీవీలో చూసినవారికి బాకాలతో మొదలైన ఒక పాట గుర్తుండే ఉంటుంది. దేశదేశాల క్రీడాకారులు మైదానంలోకి నడిచి రావడం ఆ పాటతోనే మొదలైంది. మేరీకోమ్, మన్‌ప్రీత్ సింగ్ జెండా పట్టుకుని మన జట్టును నడిపించింది ఆ కవాతులోనే. అది జపాన్ జాతీయ గీతం కాదు, మిలిటరీ బ్యాండు పాటా కాదు. 1986లో పిల్లలు టీవీకి తగిలించుకుని ఆడుకున్న ఒక వీడియో ఆటలోది. ఆ ఆట పేరు డ్రాగన్ క్వెస్ట్.

వీడియో ఆట అంటే కాల్చడం, దూకడం, పరుగెత్తడమే అనుకుంటారు చాలామంది. ఇది ఆ బాపతు కాదు. ఇందులో చేతి వేగంతో పని లేదు. ఊరూరా తిరగాలి, కనబడినవారినల్లా పలకరించాలి, వాళ్లు చెప్పిన మాట గుర్తుపెట్టుకోవాలి. మన కాశీమజిలీ కథలు విన్నవారికి ఈ పద్ధతి కొత్తేమీ కాదు. వినేవాడే కథలో నడుస్తాడు, అంతే తేడా.

కథ కట్టిన వ్యక్తి యూజీ హొరీ. 1954లో అవాజి దీవిలోని సుమోతో పట్టణంలో పుట్టారు. బొమ్మల కథలు గీయాలని చిన్నప్పటి కోరిక. వసేదా విశ్వవిద్యాలయంలో సాహిత్యం చదివి, పత్రికలకు రాస్తూ బతుకుతున్న రోజుల్లో కంప్యూటర్ కొనుక్కుని తనంతట తానే నేర్చుకున్నారు. 1982లో ఎనిక్స్ అనే కంపెనీ ఆటలు తయారుచేసేవారికి పోటీ పెట్టింది. హొరీ చేసిన టెన్నిస్ ఆటకూ, కొయిచి నకమురా అనే హైస్కూలు కుర్రాడి ఆటకూ బహుమతులు వచ్చాయి. మరుసటి ఏడు ఇద్దరూ అమెరికాలో కంప్యూటర్ల ప్రదర్శన చూడటానికి వెళ్లారు. అక్కడి వారు కంప్యూటర్ల మీద ఆడే సాహస కథల ఆటలు వీరిని పట్టేశాయి.

హొరీ అదే ఏడు కోబె నగరంలో జరిగిన హత్య మీద ఒక పరిశోధక ఆట తెచ్చారు. డిటెక్టివ్ నవలలు నమిలేసిన మన పాఠకులు కూడా అందులో బోల్తా పడాల్సిందే. హంతకుడు ఎవరో కాదు, మొదటి నుంచీ పక్కనే ఉండి "అలాగే బాస్" అంటూ తిరిగిన సహాయకుడు!

ఇరవై అక్షరాలతోనే పేర్లన్నీ

అమెరికా ఆటలకు ఖరీదైన కంప్యూటర్ కావాలి. జపాన్ ఇళ్లలో ఉన్నది నింటెండో వారి ఫామికాం పెట్టె. దానిలో పట్టే కార్ట్రిడ్జిలో డ్రాగన్ క్వెస్ట్ మొత్తానికీ దొరికిన చోటు 64 కిలోబైట్లు. ఇవాళ సెల్‌ఫోనులో తీసే ఒక్క ఫొటో అంతకు ఎన్నో రెట్లు ఉంటుంది. ఆ కాస్త చోటులో ఒక రాజ్యం, ఊళ్లు, గుహలు, రాక్షసులు, పాటలు, మాటలు అన్నీ ఇమడాలి.

జపాన్ వారు విదేశీ పేర్లను కతకన అనే లిపిలో రాస్తారు. ఆ అక్షరాలు నలభైకి పైగా ఉన్నాయి. అన్నిటికీ చోటు చాలక ఇరవైని మాత్రం ఉంచుకున్నారు. రాక్షసుల పేర్లు, మంత్రాల పేర్లు ఆ ఇరవైలోంచే ఏరుకోవాల్సి వచ్చింది. మన వర్ణమాలలో సగం కొట్టేసి ఊళ్లో అందరికీ పేర్లు పెట్టమన్నట్లన్న మాట. వీరుడి బొమ్మకు కూడా ముఖం ఒక్కటే. ఎటు నడిచినా మనవైపే చూస్తూ, ఎండ్రకాయలాగా పక్కకు జరుగుతాడు.

బొమ్మలు వేసింది అకిరా తొరియామా. బాణీలు కట్టింది కొయిచి సుగియామా. అప్పటికే పేరున్న సంగీత దర్శకుడు, వయసు యాభై దాటింది. ఎనిక్స్ వారి చదరంగం లాంటి ఆట ఒకటి ఆడి, అభిప్రాయం రాసి పంపే కార్డు నింపి పెట్టారట. దాన్ని ఆయన భార్య పోస్టులో వేశారు. ఆ కార్డు చూసి కంపెనీ వాళ్లు నోళ్లు తెరిచి, ఆయన్నే పిలిచారు. ఒలింపిక్స్‌లో మోగిన పాట ఆయన ఐదు నిమిషాల్లో కట్టినదే. ఐదు నిమిషాలకు ముందు యాభై నాలుగేళ్లు కూడా కలిపి లెక్కవేయాలని ఆయన అంటుండేవారు.

కథ మాత్రం తేలికే. లోకానికి వెలుగునిచ్చే గోళాన్ని డ్రాగన్ రాజు ఎత్తుకుపోయాడు. రాజకుమార్తె రోరా కూడా మాయమైంది. వీరుడికి రాజు ఇచ్చేది 120 బంగారు నాణేలు. కోట బయట అడుగు పెట్టగానే నీళ్లకు అవతల శత్రువు కోట కళ్లెదుటే కనిపిస్తుంది. కానీ దాటే దారి లేదు. అక్కడికి చేరడానికి దేశమంతా చుట్టి రావాలి. యుద్ధంలో చచ్చినా కథ అయిపోదు. మళ్లీ రాజు ముందే కళ్లు తెరుస్తాడు, చేతిలో డబ్బు మాత్రం సగం పోతుంది.

రోరాను విడిపించాక, తనను తీసుకుపొమ్మని అడుగుతుంది. కాదంటే "అంత దారుణమా" అని మళ్లీ అడుగుతుంది. అవునన్నదాకా వదలదు. చివర్లో డ్రాగన్ రాజు కూడా ఒక ప్రశ్న వేస్తాడు: నాతో చేతులు కలుపు, లోకంలో సగం ఇస్తాను. ఇక్కడ అవునన్నవాడి పని అంతే. వాడికి దక్కేది చీకటి సగం. ఒకచోట కాదనడానికి వీల్లేదు, ఇంకొకచోట అవునంటే మునిగాడు. ఆ ఆట ఆడి పెద్దవాళ్లయినవారికి ఈ రెండు ప్రశ్నలూ ఇప్పటికీ కంఠతా వస్తాయి.

రాజు చెప్పిన మంత్రం

ఈ కథ ఒక పూటలో అయ్యేది కాదు, రోజుల తరబడి సాగుతుంది. పెట్టె ఆపితే అంతా చెరిగిపోతుంది. కార్ట్రిడ్జిలో దాచుకునే సదుపాయం లేదు. అందుకే హొరీ బృందం ఒక ఉపాయం పెట్టింది. కోటకు తిరిగివెళ్లి రాజును అడిగితే "పునరుజ్జీవన మంత్రం" చెబుతాడు. ఇరవై అక్షరాలు, అర్థం పర్థం ఉండవు. ఆటగాడి పేరు, అనుభవం, డబ్బు, కత్తి, డాలు అన్నీ ఆ ఇరవైలోకి మడిచి పెట్టినవే. దాన్ని కాగితం మీద రాసుకుని మర్నాడు నొక్కితే ఆగినచోటి నుంచి కథ సాగుతుంది.

చిక్కల్లా రాసుకోవడంలోనే వచ్చింది. జపాన్ లిపిలో కొన్ని అక్షరాలు కవల పిల్లల్లా ఉంటాయి. ఒక చిన్న సున్నా, ఒక చుక్క తేడా. ఆ నాటి టీవీల్లో ఆ చుక్క సరిగా కనబడేది కాదు. మన పాసు పుస్తకంలో సర్వే నంబరు ఒక అంకె తప్పితే ఏమవుతుందో ఇక్కడా అంతే. "మంత్రం తప్పు" అని తెర మీద పడుతుంది. వారం రోజుల శ్రమ గోవిందా! 1987 జనవరిలో వచ్చిన రెండో ఆటలో మంత్రం 52 అక్షరాల దాకా పెరిగింది. అది రాసుకునేసరికే పిల్లలకు సగం ప్రాణం పోయేది.

మంత్రాల్లో సరదాలూ బయటపడ్డాయి. జపాన్ మహాకవి బషో కప్ప మీద చెప్పిన మూడు పాదాల పద్యానికి చివర మరో మూడు అక్షరాలు తగిలిస్తే సరిగ్గా ఇరవై. మొదటి ఆటలో అది మంత్రంగా పనిచేస్తుంది!

మూడో ఆట 1988 ఫిబ్రవరి 10న, బుధవారం వచ్చింది. దుకాణాల ముందు తెల్లవారకముందే బారులు తీరారు. బడి ఎగ్గొట్టి నిలబడిన పిల్లలను వందల సంఖ్యలో పోలీసులు పట్టుకుని మందలించారు. కొన్నిచోట్ల పెద్ద పిల్లలు చిన్నవారి చేతుల్లోంచి ఆటను లాక్కుపోయారు. ఆ తర్వాత పనిరోజుల్లో ఆట అమ్మకూడదని జపాన్ ప్రభుత్వం చట్టం చేసిందని ఒక మాట ఇప్పటికీ తిరుగుతూ ఉంది. అలాంటి చట్టమేదీ లేదు. నాలుగో ఆటను 1990 ఫిబ్రవరి 11న, ఆదివారం విడుదల చేశారు.

మూడో ఆటలో మంత్రం ఎత్తేశారు. కార్ట్రిడ్జిలో చిన్న బ్యాటరీ పెట్టి, కథ అందులోనే నిలిచేలా చేశారు. పిల్లలు ఊపిరి పీల్చుకున్నారు. అయితే ఒక్కోసారి పెట్టె వెలిగించగానే భయంకరమైన చప్పుడు మోగి, విచారకరమైన సంగతి, మీ సాహస గ్రంథం చెరిగిపోయింది అని తెర మీద వచ్చేది. మంత్రం తప్పు రాస్తే తప్పు మనదే. ఇక్కడ ఎవరిని అనాలి?

సుగియామా 2021 సెప్టెంబరులో, ఆ కవాతు జరిగిన రెండు నెలలకు కన్నుమూశారు. తొరియామా 2024 మార్చిలో పోయారు. 1988 నాటి బ్యాటరీలు చాలామటుకు నీరసించిపోయి, వాటిలోని కథలూ పోయాయి. 1986 నాటి మొదటి కార్ట్రిడ్జిలో మాత్రం అయిపోవడానికి బ్యాటరీయే లేదు. చెదలు తినని నోటు పుస్తకం ఏ ఇంటి అటక మీదైనా మిగిలి ఉంటే, ఆ ఇరవై అక్షరాలు నొక్కగానే రాజు ఆనాటి పిల్లవాణ్ని పేరు పెట్టి పిలుస్తాడు. క్షేమంగా తిరిగి వచ్చావు, సంతోషం అంటాడు. పై మెట్టు ఎక్కడానికి ఇంకా ఎంత అనుభవం కావాలో లెక్క చెబుతాడు.